వెనక లాడాలు విప్పిన సాయిబు

తిరుపతిలో జట్కా గుర్రాలకు లాడాలు కొట్టే ఒక సాయిబు నా గుర్రాన్ని కుంటిదాన్ని చేశాడని యుద్ధం రోజుల్లో ఒక మాట పుట్టింది. అది నా నోటినుంచే పుట్టింది. నేను అబద్ధమాడలేదు. సగం చెప్పి ఊరుకున్నాను. మిగతా సగాన్ని గొంతులోనే ఉంచుకుని అయిదేళ్ళపాటు ఉద్యోగం చేశాను, వేళకు భోంచేశాను, ఆ గుర్రం మీదనే ఊళ్ళు తిరిగాను. ఇప్పటికీ స్టేషను దగ్గర పాతవాళ్ళు కొందరు ఆ మాటే అనుకుంటున్నారని ఈమధ్య విన్నాను. అందుకని రాస్తున్నాను.

అప్పుడు నేను రెవిన్యూ ఇన్‌స్పెక్టరును. తిరుపతిలో కాపురం. చంద్రగిరి నుంచి పాకాల వైపున్న పల్లెలన్నీ నావి. పెట్రోలు దొరకదు, బొగ్గుపొయ్యి తగిలించుకున్న బస్సులు ఎక్కడ ఆగితే అక్కడే ఊరు అన్నట్టుండేది. అందువల్ల నాకు గుర్రమే దిక్కు. కార్వేటినగరం సంస్థానంలో లాయం చూసిన ఒక ముసలాయన దగ్గర కొన్నాను. జేగురు రంగు ఆడ గుర్రం. ఎనిమిదేళ్ళది. పెద్ద ఎత్తు కాదు కానీ ఛాతీ వెడల్పు, కళ్ళు శాంతం. నేను జేబులోంచి వక్కపొడి పొట్లం తీస్తే చాలు, ఆగిపోయేది. నడుస్తుండగా పొట్లం విప్పితే సగం పొడి గాలికి పోతుందని నాకంటే ముందు అది గ్రహించింది.

దానికి ఒక ఇబ్బంది ఉండేది. కొండవార పల్లెలకు పోయే దారుల్లో రాతిబండలు పరుపుల్లాగా పరుచుకుని ఉంటాయి. ఎక్కేటప్పుడు బాగానే ఎక్కేది. దిగేటప్పుడు వెనక లాడాలు బండమీద సర్రున జారేవి. ఒకసారి అది కుక్కలాగా చతికిలబడింది, నేను మోకాలు చెక్కుకుని పక్కన పడ్డాను. దానికి తోడు యుద్ధం వల్ల మంచి ఇనుము కరువు. దొరికిన లాడం నెల తిరక్కముందే ఊడిపోయేది, పోతూ పోతూ గిట్టలో ఒక పెచ్చు కూడా తీసుకుపోయేది.

అలా ఊడిన లాడం చేతపట్టుకుని ఒక ఉదయం సాయిబు దగ్గరికి వెళ్ళాను. స్టేషను బయట జట్కాలు నిలబడే చోట, గోడకు ఆనించిన రేకుల పందిరి ఆయనది. ఒక దాగలి, చిన్న కొలిమి, నీళ్ళ తొట్టి. అరవై ఏళ్ళ మనిషి. నలభై ఏళ్ళు గుర్రాల పొట్టల కింద వంగి వంగి ఆ నడుము అలాగే నిలిచిపోయింది. నిలబడ్డా కింద ఏదో వెదుకుతున్నట్టే ఉండేవాడు. కొండకు పోయే యాత్రికులను మోసే జట్కాలన్నిటికీ ఆయనే లాడాలు కొట్టేవాడు. ఆయన కొట్టిన మేకు ఒక్కటి వంకరపోయిందని ఎవరూ అనగా వినలేదు.

సాయిబు నా చేతిలోని లాడాన్ని తిప్పి చూశాడు. తరువాత గుర్రం వెనక కాలెత్తి గిట్ట చూశాడు. చాలాసేపు చూశాడు.

"సారూ, దీనికి వెనక లాడాలెందుకు?"

"అన్ని గుర్రాలకూ ఉండాయి గదా సాయిబూ."

"అన్ని గుర్రాలూ బండి లాగతాయి. పొద్దస్తమానం రాతి రోడ్డుమీదనే వాటి బతుకు. ఇది మిమ్మల్ని మోసేది. మోసే బరువు ముందరి కాళ్ళమీద జాస్తి. వెనకవి తోసే కాళ్ళు. తోసే కాలికి నేల తెలియాల. మీరు తడిబండ మీద జోళ్ళేసుకోని దిగతారా, ఇప్పేసి దిగతారా?"

"ఇప్పేసి."

"మరి దానికెవురు ఇప్పుతారు?"

పక్కనే చక్రానికి ఆనుకుని బీడీ కాలుస్తున్న జట్కా మనిషి పెద్దగా నవ్వాడు. "ఇంటివా దొరా! లాడాలు కొట్టేటాయనే లాడాలు వద్దంటా ఉండాడు. రేపు మంగలాయన గడ్డం పెంచుకోమంటాడు!"

"నీ గడ్డం సూస్తే మంగలాయన ఊరిడిసి పోతాడు గానీ, నువ్వు మూసుకో అప్పా," అన్నాడు సాయిబు తలెత్తకుండానే. తరువాత నాతో అన్నాడు: "గిట్ట మంచి జాతిది. మందంగా ఉండాది. ముందరివి ఉండనీండి, వెనకవి తీసేద్దాం. అయితే ఒక మాట. కాన్పయిన ఆడమనిషిని మా ఇండ్లల్లో నలబై దినాలు ఎట్లా సూస్తామో దీన్నట్లా సూడాల. మొదట పది దినాలు ఎక్కొద్దండి. ఆ తరవాత ఎక్కండి, నడిపించండి, పరిగెత్తించొద్దండి. ఈ నలబై దినాలూ తోవ దానిది. యాడికి పోవాల్నో మీరు చెప్పండి. రోడ్డు నడుమ పోవాల్నా, ఓరన పోవాల్నా అనేది దానికి ఇడిసిపెట్టండి. అది ఓరకు పోతే కళ్ళెం గుంజొద్దండి. నొచ్చే తావు దానికి తెలస్తాది, మీకు తెలీదు."

"సరే," అన్నాను.

"సరే అని మీరంటా ఉండారు. మీ చెయ్యి అనాల."

లాడాలు విప్పడం అంత పని అని నాకు అంతకుముందు తెలియదు. ఊడబెరికేస్తాడనుకున్నాను. ఆయన గిట్ట పైకి మడిచి ఉన్న మేకుల మొనలను ఒక్కొక్కటే నిలబెట్టి, పట్టకారుతో ఒక్కొక్కటే కిందికి లాగాడు. ఎనిమిది మేకులు తీశాక లాడం దానంతటదే చేతిలోకి వచ్చింది. తరువాత ఆకురాయితో గిట్ట అంచును చుట్టూ గుండ్రం చేశాడు, గాజు అంచులాగా. పదునుగా వదిలితే మొదటి రాయికే పెచ్చులు లేస్తుందట. కింది భాగాన్ని కత్తితో ముట్టుకోనేలేదు. గిట్ట మధ్యలో మూడు మూలలుగా ఉండే కండను బొటనవేలితో నొక్కి చూపించాడు. దాన్ని ఆయన మెత్త అనేవాడు. లాడం ఉన్నన్నాళ్ళూ అది నేలకు తగలక ముడుచుకుపోయి ఉంటుందని, నేల తగిలేకొద్దీ వెడల్పై గట్టిపడుతుందని చెప్పాడు.

"మేకుల బెజ్జాల కాడ అంచు రొంత రాలతాది. చూసి బెదరొద్దండి. నెలకు వేలు మందాన కొత్త గిట్ట దిగొస్తాది. మీ ఇంటికాడ నీళ్ళ తొట్టి చుట్టూ శెనగ్గింజలంత గులకరాళ్ళు పోయించండి. నీళ్ళు తాగినంతసేపూ వాటిమీద నిలబడతాది. సదువుకునే పిల్లోళ్ళకు పలక మాదిరి."

మొదటి రోజులు చూడటానికి కష్టంగా ఉండేది. నున్నని మట్టి మీద కూడా వెనక కాళ్ళు వేడి పెనం మీద పెట్టినట్టు పెట్టేది. తెల్లవారుతూనే నా బంట్రోతు దాన్ని స్వర్ణముఖి ఇసుకలోకి నడిపించుకుపోయేవాడు. నాలుగో రోజో అయిదో రోజో సాయిబు ఇంటికి వచ్చాడు. గుర్రాన్ని గట్టినేల మీద నడిపించమన్నాడు. తాను మాత్రం అటు వీపు పెట్టి అరుగు మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

"చూడవా సాయిబూ?" అన్నాను.

"కంటికి అబద్ధం చెప్తాది సారూ, చెవికి చెప్పదు." కాసేపు విన్నాడు. "ముందర మడమ పడాల, ఆ తరవాత ముని, గిట్ట ముందు కొన. ఇప్పుడు ముని ముందర పడతా ఉండాది. దొంగ నడిచినట్టు నడస్తా ఉండాది. కానీలే, నాలుగు దినాలు దొంగగానే ఉండనీ."

అప్పటినుంచి నేనూ వినడం మొదలుపెట్టాను. మొదట నాకు నాలుగు కాళ్ళూ ఒకటిగానే వినిపించేవి. పది రోజులయ్యాక ముందరి ఇనుము చప్పుడు వేరు, వెనక గిట్ట చప్పుడు వేరు అని తెలిసింది. ఇనుము టక్కుమంటుంది. గిట్ట దబ్‌మని, లోపల ఏదో నిండుగా ఉన్న కుండను నేలకు దించినట్టు పలుకుతుంది. ఎన్నేళ్ళో గుర్రమెక్కినవాణ్ణి, దాని అడుగు ఎలా పడుతుందో అప్పటిదాకా ఒక్కసారీ వినలేదు.

ఇరవయ్యో రోజు దాటింది. గుర్రం బాగా కుదురుకుంది. నేనెక్కుతున్నాను. మట్టిదారి కనబడితే చెవులు ముందుకు పెట్టి హాయిగా నడిచేది. రాళ్ళు కనబడితే తనే ఓరకు తప్పుకునేది. అప్పుడు పాకాల దారిలోని ఒక పల్లె నుంచి కబురొచ్చింది. చెరువు తూము పగిలింది, చూడాలని. బయలుదేరాను. బంట్రోతు పక్కన నడుస్తున్నాడు.

ఆ పల్లెకు పోయే అడ్డరోడ్డుకు కొత్తగా కంకర పోశారు. రోలరు ఇంకా రాలేదు. రాళ్ళు మొనలు పైకి పెట్టుకుని ఉన్నాయి. రెండు పక్కలా బండ్లు తొక్కిన ఎర్రమట్టి మెత్తగా ఉంది. గుర్రం ఎడమ ఓరకు దిగింది. సాయిబు చెప్పినట్టే దిగనిచ్చాను. మలుపు తిరిగేసరికి ఎదురుగా పొలిమేరలో మునసబు, కరణం, ఇంకో పదిమంది నిలబడి ఉన్నారు. తలారి తప్పెట కొడుతూ మాకెదురు వస్తున్నాడు.

నాకు ఈ ఉద్యోగం నేర్పిన పాత ఇన్‌స్పెక్టరు ఒక మాట చెబుతూ ఉండేవాడు. "ఊళ్ళోకి పోయేటప్పుడు గుర్రం రోడ్డు నడిమద్యన ఉండాలప్పా. ఓరన పోయేది చాకలి గాడిద. నువ్వు ఓరన పోతే నీ మాటా ఓరనే ఉంటాది." ఆ రోజుల్లో మేమంతా ఆ లెక్కనే ఊళ్ళలోకి ప్రవేశించేవాళ్ళం. పల్లెవాళ్ళూ ఆ లెక్కనే మనిషిని కొలిచేవాళ్ళు. తప్పెట దగ్గరయ్యేకొద్దీ నా చెయ్యి దానంతటదే కుడివైపు కళ్ళెం లాగింది.

గుర్రం కంకర మీదికి వచ్చి, రెండడుగులు వేసి, మళ్ళీ ఓరకు జరిగింది. మళ్ళీ లాగాను.

"సారూ, సాయిబు చెప్పినాడు గదా..." అన్నాడు బంట్రోతు మెల్లగా.

"నోరు మూసుకోని నడువు."

మూడోసారి లాగినప్పుడు అది ఇక జరగలేదు. నడుమనే నడిచింది. పది బారలు పోయాక ఎడమ వెనక కాలు ఒక రాయి మీద పడింది. దాని నడుము నా కింద ఒక్కసారి కుంగి లేచింది. ఆ కుంగు ఇప్పటికీ నా ఒంట్లో ఉంది. కానీ అది ఆగలేదు. పొలిమేర దాకా నడుమనే వచ్చింది. మునసబు దండ వేశాడు. నేను మెడ వంచాను.

రెండోనాటి ఉదయానికి ఆ కాలు నేలకు ఆనించడం లేదు.

సాయిబు వచ్చాడు. పట్టకారుతో గిట్టను చుట్టూ కొద్దికొద్దిగా నొక్కుతూ పోయాడు. ఒకచోట గుర్రం ఒళ్ళంతా వణికింది. అక్కడే వేలు పెట్టి ఉంచి నావైపు చూశాడు.

"ఇది కంకర దెబ్బ. లోపల చీము పడతా ఉండాది. యాడ తిప్పినారు సారూ?"

"మామూలు తోవలోనే," అన్నాను.

బంట్రోతు గడ్డిమోపు సర్దడానికి పక్కకు పోయాడు. సాయిబు కాలు మెల్లగా కిందికి దించాడు. గుర్రం మెడ నిమిరి, "నొప్పేనా బేటీ, కొంచెం ఓర్చుకో," అని దానితోనే మాట్లాడాడు.

ఆ మధ్యాహ్నమే తహసీల్దారు ఏవో కాగితాల పనిమీద జట్కాలో మా ఇంటికి వచ్చాడు. ఆయన కోపం తక్కువ మనిషే, కానీ మాటలో వెటకారం ఎక్కువ. మూడు కాళ్ళ మీద నిలబడ్డ గుర్రాన్ని చూసి, ఏమయిందన్నాడు.

"వెనక లాడాలు తీయించాను సార్."

"ఎవరయ్యా తీయమన్నది?"

"స్టేషను దగ్గరి సాయిబు సార్."

అక్కడే నేను ఇంకొక వాక్యం చెప్పవలసింది. చిన్న వాక్యం. బంట్రోతు కాగితాల కట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడి నావైపే చూస్తున్నాడు. ఆ సంవత్సరం నా పనితీరు మీద రాయవలసినవాడు ఈ తహసీల్దారే. గొప్పకు పోయి గుర్రాన్ని రాళ్ళలోకి లాగానని ఆయనతో ఎలా అనడం? నేను కట్ట అందుకుని విప్పసాగాను.

"గుర్రానికి లాడాలు పీకమన్నవాడు రేపు నిన్ను పళ్ళు పీకించుకోమంటాడు," అన్నాడాయన. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

తిరిగి పోతూ తన జట్కా తోలేవాడితో అన్నాడట: "ఆ సాయిబు దగ్గరికి మీ గుర్రాలను తీసుకుపోకండి. మా ఇన్‌స్పెక్టరు గుర్రాన్ని కుంటిదాన్ని చేశాడు." రెండు రోజుల్లో స్టాండంతా పాకింది. జట్కావాళ్ళను నేను తప్పుపట్టను. వాళ్ళకు గుర్రం కుంటితే ఆ పూట పొయ్యి రాజదు. ఒక్కొక్కరే రైలుకట్ట అవతల ఉన్న ఇంకొకతని దగ్గరికి పోసాగారు. మంగలి గడ్డం గురించి హాస్యమాడినవాడు కూడా పోయాడు. సాయిబు ముందర నుంచి పోవడానికి మొహం చెల్లక, గుర్రాన్ని వెనక సందులోంచి తిప్పుకుని పోయాడు.

సాయిబు మాత్రం రోజూ మా ఇంటికి వచ్చాడు. చీము దిగే దారి చిన్న కత్తిమొనతో తెరిచాడు. ఉప్పు వేసిన వేడినీళ్ళలో గిట్ట ముంచి పట్టుకుని, చల్లారేదాకా కబుర్లు చెబుతూ కూర్చునేవాడు. వేడి తవుడు గిట్టకు పట్టించి, గోనెగుడ్డ జోడులాగా కట్టేవాడు. ఆ కట్టు ఒక్కనాడూ జారలేదు. చీము పోయి కాలు ఆనించాక అన్నాడు: "ఇప్పుడేమంటారు సారూ? మళ్ళా లాడాలు కొట్టేయమంటే కొట్టేస్తాను. కొడితే అందురూ సాయిబు తప్పు దిద్దుకున్నాడంటారు, దానికేం లేదు. అయితే గుర్రానికి మంచిది ఇట్లా ఉండేదే."

"నీ ఇష్టం సాయిబూ."

"అట్లయితే ఈపొద్దు ఒకటో దినం."

ఈసారి బంట్రోతును పంపవద్దన్నాడు. తానే తెల్లవారుజామున వచ్చి ఏటి ఇసుకలోకి నడిపించుకుపోయేవాడు. నీకెందుకు శ్రమ అంటే, "నాకిప్పుడు తీరికే గదా సారూ," అన్నాడు. ఆ మాటలో ముల్లు ఉందేమోనని వెదికాను. లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది.

ఒక్కసారి మాత్రం అడిగాడు. కళ్ళెం నా చేతికిచ్చి, తలపాగా సర్దుకుంటూ, "సారూ, మీకు తీరికైనప్పుడు ఒక తూరి స్టాండు కాడికొచ్చి, దెబ్బ ఎట్లా తగిలిందో ఆళ్ళకు చెప్తే బాగుంటాది. మీ మాటయితే ఇంటారు," అన్నాడు.

"వస్తాలే," అన్నాను.

వెళ్ళలేదు. వచ్చే వారం అనుకున్నాను. తహసీల్దారు నా గురించి రాసి పంపించాక అనుకున్నాను. సాయిబు మళ్ళీ అడగలేదు.

గుర్రం మాత్రం నేనూ, బంట్రోతూ, చివరికి సాయిబూ ఊహించనంతగా బాగుపడింది. వర్షాలు వచ్చే వేళకు మేకుల బెజ్జాలన్నీ కిందికి దిగి రాలిపోయాయి. మడమలు వెడల్పయ్యాయి. మెత్త, సాయిబు అరచెయ్యంత నిండుగా విచ్చుకుంది. ఒక ఉదయం ఆయన ఎప్పటిలాగే అటు వీపు పెట్టి కూర్చుని విన్నాడు. చాలాసేపు విని, కళ్ళు తెరవకుండానే నవ్వాడు. "ఇంగ దొంగ కాదు సారూ. ఇంటామె నడిచినట్టు నడస్తా ఉండాది." ఆ నవ్వులో ఆయన పోయిన పని, ఖాళీ పందిరి ఏవీ లేవు. చేతిపనిలో అంత మునిగిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

కొండవార బండల మీద అది దిగడం చూడాలి. వెనక కాళ్ళు ముందు నేలను తడిమి, తరువాత బరువు వేసి, మేకలాగా దిగేది. వానకు తడిసిన బండమీద కూడా నేను కళ్ళెం వదిలేసి కూర్చునేవాణ్ణి. ఒకనాడు తహసీల్దారు కొండకింద ఒక ఊళ్ళో మకాం వేసి ఉండగా అది బండ దిగి రావడం చూశాడు. "భలే గుర్రమయ్యా! లాడాల్లేకుండా ఇలా ఎలా చేశావు?" అన్నాడు.

"అలవాటు చేశాను సార్," అన్నాను.

మొదటిసారి మౌనంగా ఉండి తప్పు సాయిబు మీద వేశాను. ఈసారి నోరు తెరిచి ఆయన విద్యను నాదన్నాను. రెండిటిలో రెండోదే నన్ను ఎక్కువ తిన్నది.

తరువాత నగరి వైపు బదిలీ అయింది. గుర్రాన్ని తీసుకుపోయాను. సాయిబు చేసినట్టు ఆకురాయి పట్టుకుని వెనక గిట్టల అంచులు నేనే గుండ్రం చేసేవాణ్ణి. ఆ పని చేసినప్పుడల్లా ఆయనే గుర్తొచ్చేవాడు. నెలకు రెండుసార్లు చేయాలి. అలా నెలకు రెండుసార్లు సిగ్గుపడుతూ ఏళ్ళు గడిపాను. యుద్ధం ముగిసింది, స్వరాజ్యం వచ్చింది. మళ్ళీ తిరుపతికి వేశారు.

వచ్చిన వారంలోనే స్టాండు దగ్గరికి పోయాను. రేకుల పందిరి కింద సైకిళ్ళు బాగుచేసే అంగడి ఉంది. సాయిబు ఊరి బయట పశువుల సంతలో ఎద్దులకు లాడాలు కొడుతున్నాడని చెప్పారు. దూరం నుంచి చూశాను. గుర్రం తన కాలు తనే ఇస్తుంది. ఎద్దు ఇవ్వదు. తాళ్ళు వేసి పడదోసి, నాలుగు కాళ్ళూ కలిపి కట్టి, దాని పొట్ట పక్కన నేలమీద కూర్చుని కొట్టాలి. గుర్రాల పనివాళ్ళు ఆ పనిని తక్కువగా చూస్తారు, చేతకాక చేసేదంటారు. అరవై అయిదు దాటిన మనిషి ఎద్దు తాడు పట్టుకుని లాగుతూ, కాలు జారి, మళ్ళీ లేచి పట్టుకుంటున్నాడు. దగ్గరికి పోలేకపోయాను.

మరునాడు ఉదయం కాట్పాడి బండి వచ్చే ముందు, జట్కాలన్నీ నిలబడి ఉండే వేళకు, గుర్రం మీద స్టాండుకు వెళ్ళాను. దిగి నిలబడి చెప్పాను. కంకర రోడ్డు, తప్పెట, కళ్ళెం, తహసీల్దారు, అన్నీ చెప్పాను. నేనేవో బదిలీ కబుర్లు చెబుతున్నానని మొదట కొందరు వినలేదు. తరువాత అందరూ దగ్గరికి వచ్చారు. మంగలి గడ్డం మనిషికి గడ్డం నెరిసింది. అతను బీడీ పారేశాడు.

"అయిదేండ్లు యాడ దాపెట్టుకోనుంటివి దొరా ఈ మాట?"

"నోట్లోనే."

"మేం సదువులేనోళ్ళం. నోటికాడి కూడు పోతాదని బయపడి సాయిబును ఇడిసిపెట్టినాం. నీకేం పోతాదని ఇడిసిపెట్టినావు?"

ఇంకొకతను, "ఊరుకోబ్బా, పెద్దమనిషి ఇంతదూరం వచ్చి చెప్తా ఉండాడు," అన్నాడు.

"పెద్దమనిషి అయితే ఆ పొద్దే చెప్పుండును," అన్నాడు మొదటివాడు. తరువాత అతనే నా గుర్రం కళ్ళెం అందుకున్నాడు. "మాకు చెప్తే ఏమొస్తాది? రా, ఆయప్పకే చెప్పుదువు. నేనూ వస్తా. ఆయప్ప మొగం నేనూ సూడల్యా ఇన్నాళ్ళూ."

ఆ రోజూ సంతే. సాయిబు ఒక ఎద్దుకు మేకులు దిగగొట్టి లేస్తున్నాడు. చుట్టూ రైతులు. ఆయన ముందుగా గుర్రాన్ని చూశాడు, నన్ను కాదు. చేతులు తుడుచుకుంటూ వచ్చి దాని తొడమీద తట్టాడో లేదో, అది వెనక కాలెత్తి ఇచ్చింది. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో మెత్త తడిమాడు, మడమ తడిమాడు, అంచు వెంట బొటనవేలు నడిపాడు. మొహం వెలిగిపోయింది.

"సూడండప్పా, ఇనుము ముట్టని గిట్ట ఇది!" అన్నాడు రైతులతో. తరువాత నాతో, "ఎవురు సూస్తా ఉండారు సారూ దీన్ని?"

"నేనే. మీరు చూపించినట్టే."

"బాగుండాది. ఎడమ పక్క రొంత జాస్తి తీస్తా ఉండారు. చెయ్యి ఆ పక్కకు వాలతా ఉండాది."

కాలు దించాడు. నిలబడ్డాడు. నేను చెప్పులు విప్పి ఆయన ఎదుట నిలబడ్డాను. జట్కా మనిషి పక్కనే ఉన్నాడు. రైతులు ఏమిటోనని చూస్తున్నారు.

"సాయిబు గారూ, ఆ దెబ్బ మామూలు తోవలో తగల్లేదు. గుర్రం ఓరకు పోతా ఉంటే నేనే గుంజినాను."

"తెలుసు సారూ. నొక్కి సూసినప్పుడే తెలుసు."

"తెలిసీ నన్ను ఒక్క మాట అడగలేదే మీరు."

"అడిగినాను గదా, ఒక తూరి," అన్నాడు నెమ్మదిగా. "స్టాండు కాడికి రమ్మని."

రైతుల్లో ఎవరో దగ్గారు. నేను ఈసారి వాక్యం మధ్యలో ఆపలేదు. "అడిగినారు. వస్తానని చెప్పి రాలేదు. నా తప్పుకు మీ పేరు చెప్పినాను, మీ పనికి నా పేరు చెప్పుకున్నాను. అందువల్ల మీ పందిరి పోయింది, ఈ వయసులో ఈ ఎద్దుల పని మీకొచ్చింది. ఇదంతా నావల్లనే. వీళ్ళందరి ముందరా చెప్తా ఉండాను. నన్ను క్షమించండి."